వాన పాంచో డైరీ: చిత్తూరు నుంచి శ్రీవారి మెట్టు దాకా

ఎందుకు మొదలైంది

ఏటా కార్తీకంలో చిత్తూరు నుంచి తిరుమలకు నడిచిపోతాం. నేను, మా బావ, వీధిలో ఇంకో ఇద్దరు. తిరుపతి దాకా రోడ్డు మీద సుమారు 70 కిలోమీటర్లు: పూతలపట్టు, పాకాల, పనపాకం, చంద్రగిరి. మన జిల్లాకు గట్టి వానలు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో. అంటే నడకా వానా ఒకే నెలలో.

పోయినేడు నేను వేసుకుపోయింది మోటారుసైకిల్ మీద వేసుకునే రెయిన్‌కోటు, ప్యాంటు. పాకాల చేరేసరికి బయట వాన ఆగి గంటైంది, లోపల చొక్కా మాత్రం పిండితే కారుతోంది. అది చెమట. భుజాన సంచి కోటు పైన ఉంది కాబట్టి అదీ తడిసింది, అందులో మారు బట్టలూ తడిశాయి. పాకాల జంక్షన్‌లో రైలెక్కి ఇంటికొచ్చేశా. మిగతా ముగ్గురూ కొండకు పోయి లడ్డూ తెచ్చిచ్చారు.

నాది పైపులు, ఫిట్టింగుల షాపు. నీళ్లు ఎక్కడ ఎందుకు కారుతాయో చూడటమే నా పని. అయినా నా ఒంటి మీద కారేదాని సంగతి ఏనాడూ కొలవలేదు. ఈసారి కోటు బదులు పాంచో, అంటే తల దూర్చి సంచితో సహా ఒంటి మీద కప్పుకునే చేతుల్లేని వానగుడ్డ, సరిచేసుకుందామని సెప్టెంబరులోనే మొదలుపెట్టి ప్రతిదీ రాసుకున్నా. ఎవరైనా ఇదే చేయదలిస్తే నా తప్పులు వదిలేసి మిగతాది తీసుకోండి.

దశ 1: చెమట లెక్క (సెప్టెంబరు మొదటి వారం)

వాన లేని సాయంత్రాలు మూడు. కట్టమంచి చెరువు వైపు ఒకే దారి, ఒకే 5 కిలోమీటర్లు, ఒకే టీషర్టు, వీపున ఒకే సంచి. నడక ముందు, నడక తర్వాత టీషర్టును వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచా. (మూడో రోజు నుంచి త్రాసు మీద పేపరు పరిచి తూచాల్సి వచ్చింది. కారణం చెప్పక్కర్లేదు.)

పైన ఏమీ లేకుండా: 148 గ్రాములు 181 అయింది. పెరిగింది 33.
బండి రెయిన్‌కోటుతో: 148 నుంచి 262. పెరిగింది 114.
మా బావ దగ్గర అప్పు తెచ్చిన పాత పాంచోతో: 148 నుంచి 203. పెరిగింది 55.

కోటుకు పాంచోకు తేడా 59 గ్రాములు, గంట నడకకే. రోజుకు ఏడెనిమిది గంటలు నడిచేవాడికి ఇక వేరే లెక్క అక్కర్లేదు. పాంచో కింద తెరిచి ఉంటుంది, చంకల దగ్గర తెరిచి ఉంటుంది, అడుగు వేసినప్పుడల్లా గాలి లోపలికి తోస్తుంది. కోటులో ఆ దారే లేదు.

లోపలి ఆవిరిని బయటికి పంపే ఖరీదైన జాకెట్లు ఉన్నాయి కదా, కొనరాదా అని మా మేనల్లుడు అన్నాడు. ఆవిరి అట్లా బయటికి పోవాలంటే లోపలి కన్నా బయట గాలి పొడిగా ఉండాలి. చలిదేశాల్లో అది సాధ్యం. నవంబరు వానలో మన చిత్తూరు గాలి తనే తడిసిన గోనెసంచిలా ఉంటుంది, ఇంకొకరి చెమటను ఎక్కడ పెట్టుకుంటుంది? ఆ ఆలోచన అక్కడే వదిలేశా.

నడక మొత్తం: 15 కి.మీ. ఖర్చు: సున్నా.

దశ 2: గుడ్డ పరీక్ష

పాంచో లేబుల్ మీద 1500 మి.మీ., 3000 మి.మీ. అని రాసి ఉంటుంది. అదేమిటో చాలామందికి తెలియదు. మా షాపులో మోటారు కొనేవాళ్లు అడిగే ‘హెడ్డు’ లాంటిదే అది. గుడ్డ మీద ఎంత ఎత్తు నీటి స్తంభం నిలబెడితే అవతలికి చెమర్చకుండా ఆపుతుందో ఆ ఎత్తు. 3000 మి.మీ. అంటే మూడు మీటర్ల హెడ్డు. మా లెక్కలో చెప్పాలంటే చదరపు సెంటీమీటరుకు 0.3 కిలోల ప్రెజరు. ఇది ఇంట్లో కొలవడానికి లాబొరేటరీ అక్కర్లేదు, పది అడుగుల పైపు ముక్క చాలు. పది అడుగులంటే 305 సెంటీమీటర్లు కదా.

మొదటిసారి తప్పు చేశా. అంగుళం పీవీసీ పైపు చివర గుడ్డ కట్టి, హోస్ క్లిప్పు బిగించి నీళ్లు పోశా. గుడ్డ మడతల సందుల్లోంచి కారింది. గుడ్డ కారుతోందా, కట్టు కారుతోందా తెలియలేదు. సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి బిగించినా అంతే. మర్నాడు షాపు తెరుస్తుంటే తట్టింది, యూనియన్ వాడొచ్చని. పైపులు విప్పి బిగించేందుకు మధ్యలో వేసే యూనియన్‌కు రెండు చదును మొహాలు, మధ్యలో రబ్బరు వాషరు ఉంటాయి. గుడ్డను ఆ మొహాల మధ్య వాషరులా పెడితే సరి. పైన నట్టు తిరుగుతుంది గానీ మొహాలు తిరగవు, కాబట్టి గుడ్డ నలగదు.

1. గుడ్డను యూనియన్ మొహం సైజుకు గుండ్రంగా కత్తిరించాలి. కోటింగు ఏ వైపుందో గుర్తుపెట్టుకోండి, వాన తగిలే వైపే నీటి వైపుకు రావాలి.
2. వాషరు, గుడ్డ, రెండో వాషరు. నట్టు చేత్తో బిగించి ఆపై రెంచితో పావు చుట్టు. అంతకు మించొద్దు.
3. మిద్దె మెట్ల పిట్టగోడకు పైపు నిలువుగా కట్టి, కింద పొడి న్యూస్ పేపరు పెట్టాలి.
4. నీళ్లు మెల్లగా పోస్తూ ప్రతి అర మీటరు దగ్గరా 10 నిమిషాలు ఆగాలి. పోసేటప్పుడైనా ఆగినప్పుడైనా గుడ్డ కింద మూడు చుక్కలు కనబడితే అప్పటి నీటి ఎత్తే దాని హద్దు.

ఫలితాలు:

రోడ్డు పక్క 50 రూపాయలకు అమ్మే పల్చటి ప్లాస్టిక్ పాంచో: మూడు మీటర్లూ తట్టుకుంది! ప్లాస్టిక్ పొరలోంచి నీరు ఎటూ పోదు మరి. కానీ పరీక్ష కోసం కొన్న రెండింటిలో ఒకటి తలలోంచి దూర్చేటప్పుడే టోపీ దగ్గర చిరిగింది, రెండోది కంపచెట్టుకు తగిలి చిరిగింది. పైగా తిరుమలలో ప్లాస్టిక్ కవర్ల మీద నిషేధం ఉంది, కొండ దాకా పోయి చెత్తబుట్ట వెతకడం కన్నా కొనకపోవడం మేలు.

గొడుగు గుడ్డ: 120 రూపాయల చొప్పున రెండు మీటర్లు కొని, టైలరు చేత కుట్టిద్దామనుకున్నా. 40 సెంటీమీటర్లకే చుక్కలు. గొడుగు గుడ్డ నీటిని జారుస్తుంది, ఆపదు. గొడుగు వాలుగా బిగదీసి ఉంటుంది కాబట్టి అక్కడ జారుడే చాలు. భుజం మీద వాలిన గుడ్డకు అది చాలదు. 240 రూపాయలు పోయాయి. ఇప్పుడది మా షాపులో కంప్యూటరు మీద దుమ్ము పడకుండా కప్పి ఉంది.

బావ పాత పాంచో: 70 సెంటీమీటర్లకు చెమర్చింది. లోపలి కోటింగు వేలికి జిగురు జిగురుగా అంటుకుంటోంది, ఒకరకమైన పుల్లటి వాసన. ఆయన తడిపాంచోను మడిచి కవరులో పెట్టి ఉగాది దాకా తీయలేదట. పీయూ (పాలీయురేథేన్) కోటింగుకు తేమే శత్రువు, తడిలో మగ్గితే పొర విడిపోతుంది. కడిగినా బాగుకాదు.

కొత్త పాంచో, పీయూ కోటింగు పాలిస్టర్, 850 రూపాయలు, లేబుల్ మీద 3000: మూడు మీటర్లు, పది నిమిషాలు, కింద పేపరు పొడిగానే ఉంది. పాంచోను కత్తిరించలేం కదా, దాంతో వచ్చిన అదే గుడ్డ సంచిని కోశా. ఈ పనికి చివర్లో శిక్ష పడింది.

అదే సంచి కుట్టు ఉన్న ముక్క: 1.1 మీటర్లకు కారింది.

ఈ ఆఖరి అంకె దగ్గరే నాకు అసలు సంగతి అర్థమైంది. గుడ్డది ఎంత హెడ్డైనా సూది పోయిన చిల్లుది అంత ఉండదు. 5000, 10000 అని రాసినదానికి ఎక్కువ డబ్బులు పోయడం దండగ. వానచినుకు తనంతట తను నీటి స్తంభంలా నిలిచి నొక్కదు. కోటు మీద సంచి పట్టీ నొక్కితే ప్రెజరు పెరుగుతుంది, అందుకే కోట్లు భుజాల దగ్గర ముందు కారతాయి. పాంచో సంచి మీది నుంచి పడుతుంది, పట్టీ దాని కిందే ఉంటుంది, నొక్కుడే లేదు. నా లెక్కలో 1500 ఉన్నా మన వానలకు సరిపోతుంది, కుట్టు మీద టేపుంటే.

పాలిస్టరా, నైలానా అంటే నేను పాలిస్టరే అంటాను. సిలికాన్ పూత నైలాన్ తేలిక, సులభంగా చిరగదు, కానీ తడిస్తే సాగుతుంది, దాని కుట్లకు టేపు అంటుకోదు.

పాంచో తూకం సంచితో 342 గ్రాములు, సంచి పోయాక 330. పరిస్తే 215 బై 145 సెంటీమీటర్లు. రంగు నారింజ. ఆకుపచ్చది 50 రూపాయలు తక్కువకే వచ్చేది. తెల్లవారుజామున హైవే పక్కన నడిచేవాడు ఆకుపచ్చ కొనకూడదు.

ఖర్చు మొత్తం: 100 + 240 + 850 = 1,190.

దశ 3: టోపీ మెడ దగ్గర కారుడు (సెప్టెంబరు చివర)

మొదటి నిజమైన వాన. మిద్దె మీద గోడలు నిటారుగా ఉన్న స్టీలు డబ్బా పెట్టి స్కేలుతో కొలిచా: గంటన్నరలో 22 మి.మీ. మురకంబట్టు దాకా పోయి తిరిగొస్తే 8 కిలోమీటర్లు. సంచి పొడి. వీపు పొడి. మెడ వెనక నుంచి వెన్నెముక వెంట చల్లగా ఒక గీత మాత్రం దిగుతూనే ఉంది.

పరీక్ష సులభం. పాంచోను తలకిందులుగా బట్టల తీగకు వేసి, టోపీని బుట్టలా పట్టుకుని లీటరు నీళ్లు పోయండి. నాది మెడ కుట్టు దగ్గర నిమిషానికి 41 చుక్కలు. భుజం కుట్లకు ఫ్యాక్టరీ టేపు ఉంది, మెడ కుట్టుకు లేదు. వంపు ఉన్నచోట టేపు వేయడం కష్టం కదా, వదిలేశారు.

మొదటి రిపేరు, తప్పు: షాపులో బాత్రూములకు వాడే సిలికాన్ ట్యూబు, 160 రూపాయలు. లోపలి వైపు నిండా పూశా. మర్నాడు పరీక్షలో చుక్క లేదు. రెండుసార్లు మడిచి విప్పేసరికి మినప దోసె పెనం నుంచి లేచినట్టు మొత్తం లేచొచ్చింది. మళ్లీ 28 చుక్కలు. ఈ సిలికాన్ పీయూ పొర మీద నిలవదు. ముప్ఫై ఏళ్లుగా సీలెంటు అమ్ముతున్నవాడిని, ఇది నాకు తెలియాల్సింది.

రెండో రిపేరు, సరైనది: ఇస్త్రీ పెట్టెతో అతికించే సీమ్ టేపు. పది మీటర్ల చుట్ట 220 రూపాయలు.

1. సిలికాన్ మొత్తం గోరుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, రాత్రంతా ఆరనివ్వాలి.
2. వంపులో ఒకే పొడవు టేపు ముడతపడుతుంది. నాలుగు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి సెంటీమీటరు ఎక్కేలా పరచాలి.
3. పైన పల్చటి నూలు గుడ్డ వేసి, పెట్టెను సిల్కు గుర్తు దగ్గర పెట్టి, 5 సెకన్లు నొక్కాలి. లాగకూడదు.
4. వెంటనే చల్లని స్టీలు గ్లాసు అడుగుతో అదిమి చల్లారనివ్వాలి.

కాటన్ గుర్తు దగ్గర పెట్టి మొదలుపెట్టా నేను. అంచున అరచేయంత మేర గుడ్డ నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుంది. అదృష్టం, అది కింది అంచు.

టేపు తర్వాత చుక్కలు: సున్నా. పదిసార్లు మడిచి విప్పాక మళ్లీ సున్నా.

టోపీది ఇంకో తగాదా ఉంది. తల తిప్పితే టోపీ తిరగదు. రోడ్డు దాటేటప్పుడు కుడివైపు చూద్దామంటే నారింజ రంగు గోడే కనిపిస్తుంది. లోపల ముందుకు చూరు ఉన్న క్రికెట్ క్యాప్ పెట్టుకుని, టోపీ తాడును వెనక్కి లాగి ముడేస్తే రెండూ కలిసి తిరుగుతాయి. కళ్లద్దాల మీద చుక్కలు పడటం కూడా సగం తగ్గింది. క్యాప్ ఇంట్లోదే.

నడక మొత్తం: 23 కి.మీ. ఖర్చు: 1,570. తూకం: 344 గ్రాములు.

దశ 4: మెట్లు (అక్టోబరు రెండో వారం)

అలిపిరి దారిలో ఒకసారి ఎక్కి చూశా. 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. చాలామేర పైకప్పు ఉంది, వాన తగలదు. నాకు కావాల్సింది వాన కాదు, మెట్లు.

గాలిగోపురం దాకా ఇబ్బంది లేదు. జనం ఎగాదిగా చూశారు, అంతే. మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు నిట్టనిలువు. ఒళ్లు ముందుకు వంగింది, పాంచో ముందు అంచు పైమెట్టు మీద పడింది, నా కాలు దాని మీద పడింది, లేవబోయిన నన్ను నా పాంచోయే కిందికి లాగింది. మోకాళ్ల పర్వతంలో భక్తితో మోకాళ్ల మీద ఎక్కేవాళ్లుంటారు. నేను మోకాలి మీద పడ్డది మాత్రం గుడ్డ వల్ల. పక్కన ఎక్కుతున్న ఒకావిడ “మెల్లగా అన్నా, చీర మాదిరి కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోవాల” అంది. ఆవిడ చెప్పిందే పరిష్కారమని ఇంటికొచ్చాక తెలిసింది.

ఇంట్లో మిద్దెమెట్ల మీద కొలిచా. నిటారుగా నిలబడితే ముందు అంచు నేలకు 38 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. మెట్టెక్కేందుకు వంగితే అదే అంచు పై మెట్టును తాకుతోంది. 24 సెంటీమీటర్లు పైకి మడిస్తే పాదం కనబడుతోంది. ఆ 24 కోసేయొచ్చు, కానీ చదునుగా నడిచేటప్పుడు తొడలను కాపాడేది ఆ గుడ్డే. అందుకని కోయకుండా మడత.

తప్పు ఒకటి: మడతను బయటికి వేశా. మిద్దె మీద బకెట్టు నీళ్లు కుమ్మరించి చూస్తే మడతలో తొట్టిలా నీళ్లు నిలిచాయి. లోపలికి మడవాలి.

తప్పు రెండు: టిచ్ బటన్లు పెట్టించడానికి టైలరు దగ్గరికి పోతే, నేను నోరు తెరిచేలోపే ఆయన అలవాటుగా ఆరు గుండుసూదులు గుచ్చేశాడు. మామూలు గుడ్డలో సూది చిల్లు ఉతికితే పూడుతుంది, కోటింగు గుడ్డలో పూడదు.

“సూది పెట్టకుండా యెట్ల కుట్టేది సార్?”

బట్టల క్లిప్పులు ఇచ్చా. ఆయన నవ్వాడు గానీ వాడాడు. ఆరు చిల్లుల మీద లోపలి నుంచి టేపు ముక్కలు.

చివరికి తేలిన పద్ధతి: కింది బటన్లు రెండు అంచు మడత మీదే, అక్కడ చిల్లు పడినా నష్టం లేదు. పై బటన్లను పాంచో గుడ్డకు కుట్టకూడదు. అంగుళం నైలాన్ నాడా ముక్క మీద ముందే బటన్ బిగించి, ఆ నాడా రెండు కొసలను పాంచో లోపలి వైపు సీమ్ టేపు కింద అతికించాలి. గుడ్డకు ఒక్క చిల్లు లేదు. చేత్తో పట్టుకోగానే టప్‌మని లోపలికి మడత, చదును వచ్చాక టప్‌మని కిందికి.

బటన్లు, నాడా 60. టైలరుకు 100.

నడక మొత్తం: 32 కి.మీ. ఖర్చు: 1,730. తూకం: 362 గ్రాములు.

దశ 5: లారీ గాలి

దీన్ని గురించి ఎవరూ నాకు చెప్పలేదు, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా.

అక్టోబరు ఆఖర్లో ఒక ఆదివారం తెల్లవారుజామున, తుంపరలో, పూతలపట్టు రోడ్డు మీద 12 కిలోమీటర్లు నడిచా. ఎదురొచ్చే బండ్లు కనబడాలని ఎప్పుడూ కుడివైపే నడుస్తాం. నాలుగో కిలోమీటరులో గ్రానైటు రాళ్ల లారీ ఒకటి పక్కనుంచి పోయింది. అది పోయిన మరుక్షణం పాంచో మొత్తం కిందినుంచి గాలి పట్టి నా మొహం మీదికి తిరగబడింది. ఏమీ కనబడలేదు. హైవే పక్కన, చీకట్లో, గుడ్డ కప్పుకుని గుడ్డివాడిలా రెండు మూడు సెకన్లు. వెనక ఇంకో లారీ ఉంటే? పక్కకు ఒరిగి మట్టిలో కూర్చుండిపోయా. తడవడం వేరు, ఇది వేరు.

గంటలోనే ఇంకో రెండుసార్లు అదే జరిగింది. చేతులతో రెండు అంచులూ పట్టుకుని నడిస్తే ఆగుతుంది గానీ అట్లా ఎంతసేపు?

ఏం మార్చానంటే:

1. నడుముకు ఎలాస్టిక్ తాడు. పాంచో బయటినుంచి మొత్తం చుట్టి కడితే సంచి మీద బిగుసుకుని వెనక భాగం పైకి లేస్తుంది, పిర్రలు తడుస్తాయి. కాబట్టి ముందు భాగం మీది నుంచి మాత్రమే తెచ్చి, పక్క బటన్ల సందులోంచి లోపలికి దూర్చి, వీపుకూ సంచికీ మధ్య ముడి. వెనక భాగం సంచి మీద స్వేచ్ఛగా వేలాడుతుంది.
2. వెనక కింది అంచున ఉన్న ఐలెట్లు (రింగు వేసిన చిల్లులు) రెండింటినీ సంచి అడుగు నాడాకు చిన్న కొక్కేలతో తగిలించా. ఇక వెనక నుంచి లేవదు.
3. ముందు అంచు మూలల్లో బొటనవేలు దూరేంత ఎలాస్టిక్ ఉంగరాలు. పెద్ద బండి వస్తుంటే వేళ్లు దూర్చి చేతులు కిందికి చాపితే చాలు.
4. లారీల వెనక ఉండే రకం రిఫ్లెక్టరు పట్టీ. అతికిస్తే మూడు మడతలకే ఊడింది. అంచు పట్టీ మీద కుట్టించా. అంచు కాబట్టి చిల్లుల బెంగ లేదు.

ఎలాస్టిక్, కొక్కేలు 40. రిఫ్లెక్టరు 60. కుట్టుకు టైలరు డబ్బులు తీసుకోలేదు, గుండుసూదుల బాకీ అన్నాడు.

మళ్లీ అదే రోడ్డుకు పోలేదు, ఇంట్లో పెడస్టల్ ఫ్యాను ముందు నిలబడి చూశా. ఫ్యాను లారీ కాదు, నాకు తెలుసు.

నడక మొత్తం: 44 కి.మీ. ఖర్చు: 1,830. తూకం: 377 గ్రాములు.

కాళ్ల సంగతి, రెండే మాటల్లో

పాంచో మీది నీళ్లన్నీ జారి పిక్కల మీదికే వస్తాయి, అక్కణ్నుంచి బూట్లలోకి. నా బూట్ల జత పొడిగా 640 గ్రాములు, వానలో 910. తడి బూట్లలో నీళ్లు బయటికి పోవు, చర్మం నాని తెల్లబడి ఒలుస్తుంది. పట్టీల శాండల్స్‌కు మారా. వేళ్ల మధ్య, తొడల మధ్య కొబ్బరినూనె. పొడి సాక్సు ఒక జత సంచిలో, రాత్రికి మాత్రమే.

దశ 6: నడక (నవంబరు మూడో వారం)

బయల్దేరే ముందు ఒక నియమం పెట్టుకున్నాం. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం. ఆ హెచ్చరిక ఉంటే పాంచో ఎంత మంచిదైనా బయల్దేరం. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, 2022 మే దాకా మూసేశారు. కొండవాగు ముందు గుడ్డముక్క ఏం చేస్తుంది?

మొదటి రోజు, పాకాల దాకా, ఫోను లెక్కలో 30. పూతలపట్టు దాటాక వాన. చిత్తూరులో మిద్దె మీది డబ్బాలో ఆ రోజు 31 మి.మీ. పడిందని రాత్రి మా ఆవిడ ఫోనులో చెప్పింది. టీషర్టు 148 నుంచి 219. తూచింది పాకాలలో ఒక చిల్లర అంగడిలో, అంగడాయన నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. సంచి లోపల పూర్తిగా పొడి. మోచేతుల కింద, మోకాళ్ల కింద పూర్తిగా తడి. పోయినేడు రైలెక్కిన అదే స్టేషను ముందు టీ తాగి, సత్రానికి పోయి పడుకున్నాం.

రెండో రోజు, చంద్రగిరి దాకా ఇంకో 30. దారిలో ఆగి ఆగి వాన. నడుము తాడు పనిచేసింది. లారీలు లెక్కపెట్టలేదు, ఒక్కసారి కూడా మొహం మీదికి రాలేదు. ఒక బస్సుకు మాత్రం కుడివైపు భాగం లేచింది, అప్పుడే నేను బొటనవేలి ఉంగరం తీసి, బీడీ ముట్టించుకుంటున్న మా బావ వైపు తిరిగి ఉన్నా.

పనపాకం దగ్గర పొలంలోంచి ఒక పెద్దాయన గట్టెక్కి వచ్చాడు. ఎరువుల సంచి ఒక మూలను రెండో మూలలోకి దూర్చి కొప్పెరలా తలమీద వేసుకున్నాడు.

“అదేంది సామీ, దుప్పటి మాదిరి? యెంతైంది?”

“ఎనిమిది నూర్ల యాభై, మామా.” మిగతా వెయ్యి చెప్పలేదు.

“నాది యూరియా సంచి. లోపల ప్లాస్టిక్ కాయితం గూడా ఉండాది. ముందర తడస్తాది గానీ, మనం వంగే ఉంటాం గదా.”

ఆ మాట దారంతా నా వెంట వచ్చింది. వంగి నాటేవాడికి వాన వీపు మీద పడుతుంది, ఆయన కొప్పెర వీపుకే ఉంది. నడిచేవాడికి తొడల మీద పడుతుంది. నేను రెండు నెలలు వీపు, మెడ, సంచి అని తిరిగి, ముందు భాగాన్ని మెట్ల కోసం కురచ చేసే పనిలోనే ఉన్నా. ఆ రోజు వాన మొదలైనప్పటి నుంచి నా ప్యాంటు తొడల దాకా తడిసే ఉంది, అప్పటిదాకా అదొక లోపంగా నాకు తోచనే లేదు. ముందు మడత విప్పే ఉంది, అయినా అడుగు వేసినప్పుడల్లా మోకాలు గుడ్డను ముందుకు తోసి పక్క సందు తెరుస్తోంది. పక్కన ఇంకో బటన్ కావాలి, మోకాలికి ఒక జానెడు పైన.

మూడో రోజు చంద్రగిరి నుంచి శ్రీనివాస మంగాపురం మీదుగా శ్రీవారి మెట్టు. రోడ్డు, మెట్లు కలిపి 12 కిలోమీటర్లు. మెట్లు 2,388, దూరం రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అంటే అలిపిరి కన్నా నిలువు. మడత ఎత్తి బటన్లు పెట్టా, పాదాలు కనబడుతున్నాయి. తడి రాతి మెట్ల మీద ఒట్టికాళ్లతో పోయేవాడికి తన పాదం తనకు కనబడటం కన్నా పెద్ద సౌకర్యం లేదు. కప్పు ఉన్నచోట కూడా గాలికి జల్లు పక్కనుంచి కొట్టింది. సుమారు వెయ్యి మెట్ల దగ్గర ఎడమవైపు పై బటన్ నాడా టేపుతో సహా ఊడి చేతికొచ్చింది. ఒళ్లు వేడి, చెమట, లాగుడు, మూడూ కలిసి టేపు జిగురును వదిలించాయి. మిగతా మెట్లు ఎడమ అంచును నడుము తాడులో దోపి ఎక్కా. అలిపిరిలో ఆవిడ చెప్పిన కుచ్చిళ్ల పద్ధతే.

నడక మొత్తం: 116 కి.మీ.

ఇంటికొచ్చాక

పాంచో తూకం: ఆరినప్పుడు 377, వానలో దులిపాక 496. టేపు లేచిన చోటు ఒకటే, నాలుగు సెంటీమీటర్లు. మెడ కుట్టు చుక్కల పరీక్ష: సున్నా. అప్పడమైన అంచు అట్లే ఉంది, ఏమీ కాలేదు.

మొత్తం ఖర్చు 1,830. అందులో చిరిగిన ప్లాస్టిక్‌వి 100, గొడుగు గుడ్డ 240, సిలికాన్ 160, వెరసి 500 నా తెలివితక్కువకు. అవి తీసేస్తే 1,330లో అయిపోతుంది.

ఇంకా మిగిలిన పనులు: పక్క బటన్లు రెండు. పై బటన్ నాడాను రెండింతల పొడవు చేసి, రెండు వరసల టేపు. చేతులకు ఏం చేయాలో ఇంకా తట్టలేదు, మోచేతి కింద తడవడం మీద రాజీపడ్డా. ఇక పాంచోకు సంచి లేదు, దశ 2లో కోసేశా కదా. మూడు రోజులూ దాన్ని పెళ్లిలో ఇచ్చిన పసుపు గుడ్డసంచిలో కుక్కి తిరిగా. ఆ సంచి తడిసి, దాని రంగు దిగి, నారింజ పాంచో మీద పసుపు మచ్చలు పడ్డాయి.

బావ పాంచోకు పట్టిన గతి పట్టకుండా మడవకుండా ఉంచాలని షాపులో హ్యాంగరుకు తగిలించా, పైపుల స్టాండు పక్కన. నిన్న డ్రిప్పు పైపుల కోసం వచ్చిన ఒక రైతు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బటన్లు రెండుసార్లు టప్‌మనిపించి, రేటెంత అని అడిగాడు. అమ్మేది కాదన్నా. అయితే యూనియన్‌కు బిగించిన ఈ గుడ్డ ముక్క దేనికి అన్నాడు.